‘వయసు కదండీ’ అంటే ఏ జబ్బు?

మా పెద్దమ్మ పొద్దున్నే పేపర్ ముందేసుకుని, మొదట పోయినవాళ్ల ఫొటోల పేజీ చూసి, ఆ తర్వాతే రాజకీయాల జోలికి వచ్చే మనిషి. రెండేళ్ల కిందట, ఆవిడకు 78 ఏళ్లప్పుడు, ఒక సాయంత్రం నన్ను చూసి ఎప్పుడో పోయిన వాళ్ల తమ్ముడి పేరు పెట్టి పిలిచింది. ‘బండి కట్టారా? నాన్న బయల్దేరాడా?’ అని అడిగింది. ఆ రాత్రి వంటింటి గోడ పట్టుకుని నిలబడి, ఇది మా ఇల్లు కాదు, నన్ను మా ఇంటికి పంపించండని ఏడ్చింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ కుర్రాడు, మర్యాదస్తుడు. బీపీ చూశాడు, షుగర్ చూశాడు. పెద్దమ్మను కాకుండా మా అన్నయ్యను ‘వయసెంతండీ?’ అని అడిగాడు. 78 అనగానే అతని మొహంలో టెన్షన్ పోయింది. ‘వయసు కదండీ, మతిమరుపు మొదలైనట్టుంది. ఇంటికి తీసుకెళ్లండి, వీలు చూసుకుని న్యూరాలజిస్టుకి చూపించండి’ అన్నాడు.

మా వదిన కుర్చీలోంచి లేవలేదు. ‘మొన్న ఆదివారం చీటీ లెక్క పైసా తేడా లేకుండా చెప్పిందండీ. మతిమరుపు మూడు రోజుల్లో వచ్చేస్తుందా?’ అంది. ఆ ఒక్క మాటతో రక్తపరీక్ష రాశారు. రక్తంలో ఉప్పు పాళ్లు చెప్పే సోడియం 116 వచ్చింది. ఉండాల్సింది 135 నుంచి 145. రెండు వారాల కిందట బీపీ మాత్ర మార్చారు. ఒంట్లో ఉప్పును, నీటిని మూత్రంలో బయటికి పంపే మందు కొత్త మాత్రలో కలిసి ఉంది. దాన్ని ఆపి, సెలైన్‌తో సోడియం నెమ్మదిగా పెంచుకొచ్చారు. తొందరపడి పెంచితే మెదడుకే దెబ్బ. అయిదో రోజు పొద్దున పెద్దమ్మ గ్లాసు మొహం దగ్గర పెట్టుకుని ‘ఈ కాఫీ ఎవరు కలిపారు? కడుగునీళ్లలా ఉంది’ అంది. మా వదిన నవ్వుతూనే ఏడ్చేసింది.

ఇలా హఠాత్తుగా మనిషి అయోమయంలో పడటాన్ని డెలీరియం అంటారు. మన పాతవాళ్లు సంధి ప్రేలాపన అనేవారు. గంటల్లోనో రోజుల్లోనో మొదలవుతుంది. పొద్దున బాగుంటే సాయంత్రానికి ముదురుతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్త మందు, ఏదైనా కారణం కావచ్చు. చాలాసార్లు కారణం పట్టుకుంటే మనిషి తిరిగొస్తుంది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, అలా కాదు, నెలల మీద, ఏళ్ల మీద వచ్చేది. ఈ రెండింటి మధ్య తేడా వైద్య విద్యార్థులకు చెబుతూనే ఉంటారు. ఆ కుర్ర డాక్టరూ పరీక్షల కోసం చదువుకునే ఉంటాడు. ఎదురుగా ఉన్న మనిషికి 38 ఏళ్లయితే ఆ చదువు వెంటనే గుర్తొచ్చేది. 78 అని వినేసరికి, గుర్తు చేసుకోవాల్సిన అవసరం కనబడలేదు.

వివక్ష అనగానే మనకు తోసేయడం, కసురుకోవడం, బయట కూర్చోబెట్టడం గుర్తొస్తాయి. వైద్యంలో వయసు వివక్షకు అంత హడావిడి ఉండదు. చిరునవ్వుతో, ‘అమ్మా’ అని పిలుస్తూ కూడా జరిగిపోతుంది. అడగాల్సిన ప్రశ్న ఎక్కడ ఆగిపోయిందో అక్కడ ఉంటుందది. అందుకే దాన్ని వేలెత్తి చూపించడం కష్టం, రుజువు చేయడం ఇంకా కష్టం.

అసలు ముసలివాళ్లకు వేరే వైద్యశాస్త్రం కావాలన్న ఆలోచనే ఇలాంటి సంఘటనలోంచి పుట్టిందని చెప్పుకుంటారు. 19వ శతాబ్దం చివర్లో న్యూయార్క్‌లో ఇగ్నట్జ్ నాషర్ అనే యువకుడు వైద్యం చదువుకుంటున్నాడు. పేదల ఆశ్రమంలో ఒక ముసలావిడ కుంటుకుంటూ వచ్చి నొప్పులని చెప్పుకుంది. ఆవిడకేమైందని నాషర్ అడిగితే, పెద్ద డాక్టర్ ‘ముసలితనం’ అన్నాడట. మరి ఏం చేయాలంటే, ‘ఏమీ లేదు’ అన్నాడట. ఆ జవాబు నాషర్‌కి మింగుడుపడలేదు. 1909లో జీరియాట్రిక్స్ అనే పదాన్ని తయారుచేసింది ఆయనే. పిల్లల జబ్బులకు పీడియాట్రిక్స్ ఉన్నట్టే, ముసలితనానికీ దాని సొంత ఆరోగ్యం, సొంత జబ్బులు ఉంటాయని, ముసలితనమే జబ్బు కాదని ఆయన వాదన.

మాటల్లో చెప్పిందాన్ని చేసి చూపించింది మాత్రం లండన్‌లో మార్జరీ వారెన్. 1935లో వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి పక్కనే ఉన్న పేదల వైద్యశాలను ఆవిడ చేతికిచ్చారు. 714 మంది రోగులు. ఏళ్ల తరబడి మంచానికి అంటుకుపోయినవాళ్లు చాలామంది. ఎందుకు మంచం పట్టారో ఎవరూ రాసిపెట్టలేదు, ముసలివాళ్లు కాబట్టి పట్టారంతే. వారెన్ ఒక్కొక్కరినీ కొత్త రోగిని చూసినట్టు పరీక్షించింది. పక్షవాతం వచ్చి, నడక నేర్పేవాళ్లు లేక పడి ఉన్నవాళ్లను విడదీసింది. మతిస్థిమితం లేనివాళ్లను, మంచం దిగమని ఎవరూ చెప్పక దిగనివాళ్లను వేరు చేసింది. లేపి కూర్చోబెట్టి, నడిపించి, చాలామందిని ఇళ్లకు పంపింది. కొత్త మందేదీ కనిపెట్టలేదు. ఇవాళ వృద్ధాప్య వైద్య నిపుణులు చేసే సమగ్ర పరీక్షకు పునాది అదే. జబ్బులతో పాటు నడక, మతి, మనసు, చూపు, వినికిడి, వేసుకునే మందులు, ఇంట్లో చూసుకునేవాళ్లు, అన్నీ కలిపి చూడటం.

ఈ వివక్షకు ఇంగ్లిష్‌లో ఏజిజం అని పేరు పెట్టింది 1969లో అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్. మన దగ్గర దాన్ని వయోవివక్ష అని అనువదించుకుంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీని మీద పెద్ద నివేదిక వేసింది. ఫలానా చికిత్స ఎవరికి ఇవ్వాలి, ఎవరికి వద్దు అన్న దాని మీద వచ్చిన 149 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, 85 శాతం అధ్యయనాల్లో ఆ నిర్ణయం వయసును బట్టే జరిగిందని అందులో ఉంది.

ఇక్కడే చిక్కు. వయసును బట్టి నిర్ణయం తీసుకోవడం అన్నిసార్లూ తప్పు కాదు. 80 ఏళ్ల మనిషి కిడ్నీలు 30 ఏళ్లప్పటిలా వడపోయవు, కాబట్టి కొన్ని మందుల డోసు తగ్గించాలి. నీరసించిన పెద్దవాళ్లకు షుగర్‌ను మరీ కిందికి దించకూడదు, తెల్లవారుజామున లో షుగర్ వచ్చి పడిపోతారు. పదేళ్ల తర్వాత ఎప్పుడో ముదిరే క్యాన్సర్ కోసం 88 ఏళ్ల ఆవిడను స్కానింగ్‌ల చుట్టూ తిప్పడం వైద్యం అనిపించుకోదు. ఇవన్నీ వయసును లెక్కలోకి తీసుకోవడాలు. లెక్కలోకి తీసుకోవడం వేరు, లెక్క మూసేయడం వేరు.

అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకు చేరే 80 ఏళ్లవాళ్లు ఉన్నారు. మంచం నుంచి బాత్రూమ్ దాకా చెయ్యి ఆసరా లేనిదే వెళ్లలేని 65 ఏళ్లవాళ్లూ ఉన్నారు. ఆపరేషన్ తట్టుకుంటారా అన్న ప్రశ్నకు ఆధార్ కార్డు మీది పుట్టిన తేదీ చెప్పే జవాబు సగమే. అందుకే కెనడాలో కెన్నెత్ రాక్‌వుడ్ బృందం 2005లో ఒక కొలబద్ద తయారుచేసింది. జబ్బు పడటానికి రెండు వారాల ముందు ఈ మనిషి ఎలా ఉన్నాడు, బజారుకెళ్లేవాడా, స్నానం తనే చేసేవాడా అని చూసి బలహీనతను అంచనా వేస్తారు. డాక్టర్ ‘మామూలుగా ఇంట్లో ఏం పనులు చేసుకుంటారు?’ అని అడిగాడంటే, కబుర్లకు అడుగుతున్నాడని విసుక్కోకండి. అతను సరైన దారిలోనే ఉన్నాడు.

‘ఈ వయసులో మందులతో ఏం ఒరుగుతుంది’ అనే నమ్మకం ఎంత గట్టిగా ఉండేదో, ఎలా కూలిందో చెప్పడానికి బీపీని మించిన ఉదాహరణ లేదు. 80 దాటినవాళ్లకు బీపీ తగ్గించాలా వద్దా అని డాక్టర్లు చాలా ఏళ్లు తర్జనభర్జన పడ్డారు. పెద్ద వయసులో రక్తనాళాలు గట్టిపడతాయి, కొంచెం బీపీ ఉంటేనే మంచిది, తగ్గిస్తే కళ్లు తిరిగి పడతారు అనేవాళ్లు ఎక్కువ. తేలకపోవడానికి అసలు కారణం, మందులను పరీక్షించే అధ్యయనాల్లో 80 దాటినవాళ్లను చాలా తక్కువగా చేర్చుకోవడం. చేర్చుకోరు కాబట్టి ఆధారం లేదు. ఆధారం లేదు కాబట్టి మందు ఇవ్వరు. చివరికి హైవెట్ అనే అధ్యయనం 80 దాటిన 3,845 మందితోనే చేశారు. ఫలితం ఎంత స్పష్టంగా వచ్చిందంటే, ముందనుకున్న గడువు దాకా ఆగకుండానే ఆపేశారు. 2008లో అచ్చయిన లెక్కల ప్రకారం మందు వేసుకున్నవాళ్లలో మరణాలు 21 శాతం, గుండె వైఫల్యం 64 శాతం తగ్గాయి. అంతకుముందు ‘ఈ వయసులో బీపీ మాత్రలెందుకు తాతా’ అనిపించుకుని ఇంటికెళ్లినవాళ్ల లెక్క మాత్రం ఎక్కడా దొరకదు.

అంతమాత్రాన ఎక్కువ మందులిస్తే వివక్ష లేనట్టేనా? కాదు. ఆ నాణేనికి రెండో వైపు మన ఇళ్లలో ఇంకా బాగా తెలుసు. పెద్దవాళ్లున్న ఏ ఇంట్లోనైనా ఫ్రిజ్ మీదో, దేవుడి గూటి పక్కనో ఒక ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. మందులషాపు పేరున్న కవరే. అందులో గుండె డాక్టర్ రాసినవి, కీళ్ల డాక్టర్ రాసినవి, షుగర్ డాక్టర్ రాసినవి, పక్కింటావిడ చెప్పగా తెచ్చుకున్నవి. ఒకరు రాసింది ఇంకొకరు చూడరు.

వరస ఇలా నడుస్తుంది. బీపీకి ఆమ్లోడిపిన్ ఇస్తారు, చాలా మంచి మందు. కొందరికి దానివల్ల పాదాలు వాస్తాయి. వాపుతో వేరే డాక్టర్ దగ్గరికెళ్తే, వయసు కదా నీరు చేరింది అని నీరు పోయే మాత్ర రాస్తాడు. దాంతో రాత్రి నాలుగుసార్లు బాత్రూమ్‌కి లేవాలి. నిద్ర చెడిందని నిద్రమాత్ర. మూడో రాత్రి నిద్రమత్తులో లేస్తుంటే కళ్లు తిరిగి, బాత్రూమ్ గడప దగ్గర పడిపోతారు. తుంటి విరుగుతుంది. ఒక మందు దుష్ఫలితాన్ని కొత్త జబ్బనుకుని ఇంకో మందు ఇచ్చే ఈ వరసకు వైద్యంలో పేరే ఉంది, మందుల గొలుసు అనుకోవచ్చు. పెద్దవాళ్లకు ఏ మందులు జాగ్రత్తగా వాడాలో, ఏవి మానుకోవాలో చెప్పే జాబితాను 1991లోనే మార్క్ బీర్స్ అనే అమెరికన్ డాక్టర్ తన సహచరులతో కలిసి తయారుచేశాడు. దాన్ని ఇప్పటికీ సవరిస్తూ వస్తున్నారు. నిద్రమాత్రలకు అందులో ప్రముఖ స్థానమే ఉంది. ‘ఇది మందు వల్లేమో’ అనే అనుమానం నలభై ఏళ్లవాడి విషయంలో తొందరగా వస్తుంది. పెద్దవాళ్ల విషయంలో, వయసు అనే జవాబు ముందే కూర్చుని ఉంటుంది.

తుంటి విరిగిన దగ్గరే ఇంకాసేపు ఆగాలి. మన ఊళ్లలో ఈ వివక్ష నిండుగా కనబడేది ఇక్కడే. ఎక్స్‌రే తీశాక వరండాలో ఒక చిన్న సభ జరుగుతుంది. కొడుకులు, అల్లుడు, వీడియో కాల్‌లో డల్లాస్ నుంచి చిన్నబ్బాయి. ‘ఈ వయసులో కోతలెందుకు? మంచం మీదే జాగ్రత్తగా చూసుకుందాం’ అని ఎవరో అంటారు. మంచి మనసుతోనే అంటారు. అందరూ తలూపుతారు. లోపల స్ట్రెచర్ మీద ఉన్న మనిషికి మతి బాగానే ఉంటుంది, చెవులు వినబడుతూనే ఉంటాయి, కాకపోతే ఆవిడను పిలవరు.

ఆ సభకు తెలియని సంగతి ఒకటుంది. తుంటి ఆపరేషన్ మళ్లీ పరిగెత్తించడానికి చేసేది కాదు. మొదట అది నొప్పి తగ్గించడానికి. విరిగిన ఎముకతో మంచం మీద ఉంటే పక్కకు ఒత్తిగిలినా ప్రాణం పోయేంత నొప్పి. కదల్లేరు కాబట్టి వీపున పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాళ్లలో రక్తం గడ్డలు. అందుకే వీలైతే చేరిన రోజో, మర్నాడో ఆపరేషన్ చేయమని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. ఆపరేషన్‌కి ప్రమాదం లేదని కాదు, ఉంది. కానీ వరండాలో చర్చ ఆపరేషన్ ప్రమాదం మీదే నడుస్తుంది, మంచం ప్రమాదాన్ని ఎవరూ లెక్కపెట్టరు. మంచం చూడటానికి మెత్తగా ఉంటుంది కదా.

ఇందులో డబ్బు లేదని నేను నటించను. మనవరాలి ఫీజు, పొలం అప్పు, ఆసుపత్రి అడ్వాన్సు ఒకే జేబులోంచి పోవాలి. అందుకే మన దగ్గర వయసు వివక్ష డాక్టర్ గదిలో మొదలవదు, ఇంట్లో మొదలవుతుంది. ఇంకా నిజం చెప్పాలంటే ఆ పెద్దవాళ్ల నోటితోనే మొదలవుతుంది. ‘నాకెందుకురా ఇప్పుడు ఆ ఖర్చు, ఇంకెన్నాళ్లుంటాను’ అని ముందు వాళ్లే అంటారు. మన భాష కూడా వాళ్లకు ఆ మాటలే నేర్పింది. దిగులుగా ఉంటే చాదస్తం. చెవుడు వస్తే వినిపించుకోదు. మతి తప్పుతుంటే మొండితనం. ఏదైనా గట్టిగా అడిగితే, కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోకుండా ఎందుకొచ్చిన గోల. డిప్రెషన్‌కి మందుంది, చెవుడుకు మిషన్ ఉంది. వినికిడి లోపాన్ని సరిచేసుకోకపోతే మతిమరుపు జబ్బు ముప్పు పెరుగుతుందని ఇప్పుడు గట్టిగానే చెబుతున్నారు. అయినా పేరు చాదస్తం అని పెట్టాక, చాదస్తానికి డాక్టర్ దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు?

యేల్ విశ్వవిద్యాలయంలో బెకా లెవీ అనే మనస్తత్వ పరిశోధకురాలు 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. అమెరికాలోని ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో 50 దాటిన 660 మంది తమ ముసలితనం గురించి ఏమనుకుంటున్నారో అంతకు చాలా ఏళ్ల ముందే అడిగి పెట్టుకున్నారు. మంచిగా అనుకున్నవాళ్లు చెడుగా అనుకున్నవాళ్లకంటే సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారు. ఆరోగ్యం, ఆదాయం తేడాలు లెక్కగట్టి తీసేసినా ఆ తేడా పోలేదు. మంచి ఆలోచనే ఆయుష్షు పెంచిందని దీంతో తేలిపోదు. అయితే ‘నాకిక ఎందుకు’ అనుకున్న మనిషి బీపీ మాత్ర మానేయడం, వాకింగ్ మానేయడం, నొప్పి వచ్చినా చెప్పకపోవడం మనం రోజూ చూస్తున్నదే.

డల్లాస్ చిన్నబ్బాయి గురించి కూడా ఒక మాట. అన్నిసార్లూ అతను ‘వద్దు’ అనడు. కొన్నిసార్లు సరిగ్గా ఎదురు. అక్కడ లేనన్న బాధతో, రెండేళ్లుగా మంచంలో ఉన్న తండ్రికి వెంటిలేటర్ పెట్టమంటాడు, ‘ఎంతైనా ఖర్చు పెట్టండి, నేను పంపిస్తా’ అంటాడు. ఇది మన ఒక్కళ్ల సంగతే అనుకోకండి. 1991లో ఒక వైద్య పత్రికలో దీనికి ‘కాలిఫోర్నియా నుంచి వచ్చిన కూతురు’ అని పేరే పెట్టారు. వైద్యం వద్దనడం, ఎడాపెడా వైద్యం చేయించడం పైకి ఎదురెదురుగా కనబడతాయి. రెండింటిలోనూ మంచం మీది మనిషిని మాత్రం అడగలేదు. అసలు వివక్ష అదేనని నా అభిప్రాయం. ఆవిడే ‘నాకు ఆపరేషన్ వద్దు బాబూ, నొప్పి తగ్గిస్తే చాలు’ అంటే, అది ఆవిడ హక్కు. కోలుకునే ఆశ లేని స్థితి వస్తే తనకు ఏ చికిత్సలు వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో తీర్పిచ్చింది. 2023లో ఆ పద్ధతిని తేలిక చేసింది కూడా. ఆ కాగితం రాసుకున్నవాళ్లు మీకు తెలిసినవాళ్లలో ఒక్కరైనా ఉన్నారా?

అన్నీ సరిపడా ఉన్నప్పుడు ఈ వాదన సులువు. మంచాలు తక్కువ, మనుషులు ఎక్కువ అయినప్పుడు ఎలా? 2020 మార్చిలో ఇటలీ మత్తు వైద్యుల సంఘం, ఐసీయూలో చేర్చుకోవడానికి వయసు పరిమితి పెట్టాల్సి రావచ్చని రాసినప్పుడు ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. దాని వెనక పాత వాదనే ఉంది. అందరికీ బతుకులో ఒక న్యాయమైన వాటా ఉంటుంది, 80 ఏళ్లవాడు తన వాటా బతికేశాడు, 30 ఏళ్లవాడికి ఇంకా అందలేదు అని. అలన్ విలియమ్స్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1990ల్లో దీన్ని బాగా వాదించాడు. నాకు ఇందులో కొంత న్యాయం కనిపిస్తుంది, దాచుకోను. ఒకే వెంటిలేటర్ ఉంటే మనవడికే పెట్టమనే తాతలు మన ఇళ్లలో ఎంతమందో. అయితే ఆ మాట తాత అనాలి. పైగా వరదలో పడవ ఎవరికి అన్న లెక్కను తీసుకొచ్చి మామూలు మంగళవారం ఓపీలో వాడితే ఎలా? సోడియం పరీక్షకు కొరత లేదు కదా.

చట్టం ఏమంటుందో చూద్దాం. మన రాజ్యాంగం 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఆధారంగా వివక్ష చూపొద్దంటుంది. ఆ వరుసలో వయసు లేదు. బ్రిటన్‌లో 2012 అక్టోబర్ నుంచి వైద్యం సహా సేవల్లో వయసు వివక్ష చట్టవిరుద్ధం. మన దగ్గర దానికి దగ్గరగా వచ్చేది 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం. పిల్లల దగ్గర భరణం ఇప్పించే చట్టంగానే అందరికీ తెలుసు. అందులో 20వ సెక్షన్ వైద్యం గురించి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వీలైనంతవరకు పెద్దవాళ్లందరికీ పడకలు ఇవ్వాలి, వాళ్లకు వేరే క్యూ పెట్టాలి, ప్రతి జిల్లా ఆసుపత్రిలో వృద్ధుల వైద్యంలో అనుభవమున్న డాక్టర్ ఆధ్వర్యంలో ప్రత్యేక సదుపాయం ఉండాలి. క్యూ బోర్డు చాలాచోట్ల ఉంది. బోర్డు కింద కుర్చీ ఉండదు. పేరు పిలిచే మైకు సీలింగ్ ఫ్యాన్ల చప్పుడులో కలిసిపోతుంది, చెవి సరిగా వినబడని మనిషి తన టోకెన్ దాటిపోయిందని గంట తర్వాత తెలుసుకుంటాడు. దీన్ని ఎవరూ కావాలని చేయలేదు. ఆ హాలు కట్టినప్పుడు అందులో కూర్చునేవాళ్ల వయసు ఎవరికీ గుర్తు రాలేదు, అంతే.

అనుభవమున్న డాక్టర్లు ఎక్కడి నుంచి వస్తారన్నది ఇంకో ప్రశ్న. వృద్ధాప్య వైద్యంలో ఎండీ కోర్సు మన దేశంలో మొదట 1996లో మద్రాస్ మెడికల్ కాలేజీలో మొదలైంది. 2011 లెక్కల నాటికే దేశంలో 60 దాటినవాళ్లు 10 కోట్ల పైమాటే. ఇంత జనాభాకు ఆ నిపుణులు చాలా తక్కువ మందే. పిల్లల డాక్టర్ బోర్డు వీధికొకటి కనబడుతుంది, పెద్దల డాక్టర్ బోర్డు మీ ఊళ్లో ఎక్కడుందో చెప్పగలరా?

రూల్స్‌లో రాసి ఉన్న వివక్ష మాత్రం కొంత తగ్గింది. చనిపోయిన దాతల అవయవాల కోసం పేరు నమోదు చేసుకోవడానికి 65 ఏళ్లు దాటకూడదన్న పరిమితిని కేంద్రం 2023లో ఎత్తేసింది. ఆరోగ్య బీమాలో 65 ఏళ్ల దాకా కొత్త పాలసీ ఇస్తే చాలన్న పాత నిబంధన 2024 ఏప్రిల్ నుంచి లేదు, అన్ని వయసులవారికీ పాలసీలు ఉండాలని నియంత్రణ సంస్థ చెప్పింది. పాత జబ్బులకు ఎదురుచూడాల్సిన గరిష్ఠ గడువు నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. ఇస్తామంటారు సరే, ఎంతకిస్తారు అన్నది వేరే సంగతి. వయసు పెరిగితే క్లెయిములు పెరుగుతాయి, ప్రీమియం పెరగడంలో లెక్క ఉంది. కానీ చాలామంది ఏడాదికేడాది పెరిగే ప్రీమియం కట్టలేక, అవసరం వచ్చే వయసుకి సరిగ్గా పాలసీ వదిలేస్తున్నారు. అందుకే 60 దాటినవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు తనను సంప్రదించాలని 2025 జనవరిలో ఆ నియంత్రణ సంస్థే ఆదేశించింది.

2024 అక్టోబర్ 29 నుంచి 70 నిండిన ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి చికిత్స ఉంది. మన ఆరోగ్యశ్రీ 2007లో తెల్లకార్డు చూసి మొదలైతే, ఇది వయసు చూసి ఇచ్చేది. వయసు తలుపు మూయడానికే కాదు, తీయడానికీ పనికొస్తుందన్నమాట. పాత జబ్బులు మొదటి రోజు నుంచే వర్తిస్తాయి. అయితే ఇది ఆసుపత్రిలో చేరిన మనిషికి. ఫ్రిజ్ మీది కవర్‌కి, ఓపీలో ఆగిపోయిన ప్రశ్నకు కార్డు లేదు.

ఆ ప్రశ్నను మనమే అడగొచ్చు. డాక్టర్ ‘వయసు కదండీ’ అన్నప్పుడు నేనిప్పుడు ఒకటే అడుగుతున్నాను. ‘ఇదే కంప్లయింట్‌తో నేనొస్తే ఏం చేసేవారండీ?’ గొడవలా కాదు, మామూలుగానే. చాలామంది డాక్టర్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ చీటీ ముందుకు లాక్కుంటారు. రెండోది, ఏమైందో చెప్పేటప్పుడు ముందు ఎలా ఉండేవారో చెప్పడం. ‘మతి తప్పింది’ అంటే ఎవరూ కదలరు, ‘ఆదివారం దాకా చీటీ లెక్కలు చెప్పింది’ అంటే కదులుతారు. మా వదిన చేసింది అదే. మూడోది, ఆ ప్లాస్టిక్ కవర్‌ని అలాగే తీసుకెళ్లి డాక్టర్ బల్ల మీద బోర్లించడం.

సోడియం సంగతి అయ్యాక పెద్దమ్మ కవర్‌ని అలాగే బోర్లించాం. ఈసారి డాక్టరమ్మ కుర్చీ పెద్దమ్మ వైపు తిప్పుకుని, ‘ఇది ఎందుకు వేసుకుంటున్నారో మీకు తెలుసా?’ అని ఒక్కో స్ట్రిప్ ఎత్తి చూపించింది. రెండు మాత్రలు వేరే కంపెనీ పేర్లతో ఒకటే మందు. ఒకటి ఎప్పుడో ఆరేళ్ల కిందట పది రోజులకు రాసింది, ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి నడుస్తోంది. పదకొండు కాస్తా ఆరుకు వచ్చాయి. గులాబీ రంగు నిద్రమాత్రను ఒక్కసారిగా కాకుండా వారం వారం కొంచెం తగ్గిస్తూ రెండు నెలల్లో మాన్పించింది. మా పెద్దమ్మ ఇప్పుడు కర్ర లేకుండా వీధి చివరి గుడి దాకా వెళ్లొస్తోంది. ఆ డాక్టరమ్మ పేరెత్తితే మాత్రం ఇప్పటికీ మొహం ముడుచుకుంటుంది. ఉన్నవాటిలో కాస్త పనిచేసే మాత్ర అదొక్కటేనట, దాన్నే తీసేసిందట.